వెనుక చూడుము

జూన్ 11, మంగళవారం
సాయంత్రం 5.10, పెట్రోలు బంకు పక్కన టీ దుకాణం

చెల్లికి అక్క ఆశీస్సులు.

ఫోనులో నా మాట నీకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం నువ్వు ఊహించుకుంటావు. అందుకని ఉత్తరమే నయం. కోడలు ఈ కాగితాన్ని ఫోటో తీసి మీ సందు చివరి జిరాక్స్ ఆవిడ ఫోనుకు పంపుతుంది. ఆవిడ దాన్ని కాగితం మీద తీసి నీ చేతికిస్తుంది. నీ జవాబూ ఆ దారినే పంపు.

ముందు ప్రయాణం సంగతి. అబ్బాయికి మన ఊరికి బదిలీ అయింది సరే, సామాను లారీలో వేసి మనం రైల్లో పోదామంటే వినలేదు. "కారుంది కదమ్మా, దారిలో నాలుగు ఊళ్ళు చూసినట్టుంటుంది" అన్నాడు. వెయ్యి నూట నలభై కిలోమీటర్లు. ఉదయం ఆరింటికి బయలుదేరాలని పట్టిక రాసి గోడకు అంటించాను. ఏడూ ఇరవైకి కదిలాం. నలభై కిలోమీటర్లు వచ్చాక కోడలు, "ఏమండీ, గ్యాస్ కట్టేశానంటారా?" అంది. "కట్టే ఉంటావులే" అన్నాడు వీడు. "ఉంటావులే అంటే కట్టినట్టా?" అంది ఆమె. బండి వెనక్కి తిరిగింది. సిలిండరును కిందటి వారమే తిరిగి అప్పజెప్పేశామని ముగ్గురికీ గుర్తొచ్చేసరికి ఖాళీ ఇంటి గేటు ముందు ఉన్నాం. ఎనిమిదేళ్ళ మనవరాలు మాత్రం "మళ్ళీ ఇల్లొచ్చేసింది" అని చప్పట్లు కొట్టింది.

ఇప్పటికి పదకొండు చోట్ల ఆగాం. వాటిలో అవసరమైనవి రెండు. ముందుకు జరిగిన దూరం రెండు వందల ముప్పై ఆరు కిలోమీటర్లు. ఈ లెక్కన మన ఊరు చేరేసరికి శనివారం సాయంత్రం అవుతుంది.

ఇక నీ సంగతి. శనివారం ఉదయం పదిన్నరకు రిజిస్ట్రారు ఆఫీసులో తూకాల ఆయనతో పెళ్ళి అనీ, సాక్షిగా నేను వచ్చి సంతకం పెట్టాలనీ రాశావు. నీకు అరవై ఒకటి. చెవి వినిపించదు. బైండింగు షాపు నీ ఒక్కదాని చేతుల మీద నడుస్తోంది. తూనికల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన ఆయనకు నీకంటే నాలుగేళ్ళు ఎక్కువ. ఈ వయసులో నీకు పెళ్ళేమిటి? ఆ సంతకం నేను పెట్టను

(వెనుక చూడుము)

అని నీ ఉత్తరం చూసిన రోజు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నాను. కారులో కూర్చుంటే ఆలోచించడం తప్ప వేరే పని లేదు. నాలుగు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఆయన ఆరోగ్యం ఎలా ఉంది? రెండు, షాపు నడవనిస్తాడా? మూడు, ఎవరింట్లో ఉంటారు? నాలుగు, ఆయనతో ఉన్నప్పుడు నువ్వు నవ్వుతావా? నాలుగోదానికి ముందు జవాబు రాయి. అది సరిగా ఉంటే మిగిలినవి నేను చూసుకుంటాను.

నీ క్షేమం కోరే
అక్క


జూన్ 12, బుధవారం ఉదయం
బైండింగు షాపు

అక్కకు,

నీ ఉత్తరం నిన్న షాపు కట్టేసే వేళకు అందింది. చదివాను. నువ్వు చూడమన్న చోట కూడా చూశాను. అర్థమైంది.

పెట్టనంటే పెట్టకు. చేయి పట్టుకుని పెట్టించలేను కదా.

చెవి వినిపించదని రాశావు. అది నాకు తెలియని కబురేమీ కాదు. ఈ వీధిలో అందరూ నాతో అరిచే మాట్లాడతారు. కూరగాయల బండివాడు అరుస్తాడు, డాక్టరు అరుస్తాడు, నువ్వూ అరుస్తావు. అరిస్తే మాట వినపడదు అక్కా, కోపం మాత్రం వినపడుతుంది. ఆయన పాత రిజిస్టర్లు బైండింగుకు తెచ్చిన రోజు నోరు తెరవలేదు. జేబులోంచి పెన్సిలు తీసి ఒక చీటీ మీద "ఎప్పటికి రావాలి?" అని రాసి చూపించాడు. గురువారం రమ్మన్నాను. గురువారం వచ్చి తీసుకుపోయాడు. శుక్రవారం మళ్ళీ వచ్చాడు. చేతిలో రిజిస్టరు లేదు, చీటీ ఉంది. "ఎప్పటికి రావాలి?" అనే ఉంది.

ఏడాదిన్నరలో ఆయన రాసిన చీటీలన్నీ కుట్టి గట్టి అట్ట వేశాను. రెండు సంపుటాలయ్యాయి.

ఇంతకంటే నీకు చెప్పేదేముంది? శనివారం దాకా టైముంది. మనసు మారితే రాయి.

చెల్లి


జూన్ 12, బుధవారం
మధ్యాహ్నం 2.40, మెకానిక్ షెడ్డు

చెల్లికి,

ఫ్యాన్ బెల్టు తెగింది. తెగడానికి ముందు అరగంట సేపు కీచుమని మొత్తుకుంది. "ఏదో అరుస్తోంది, ఆపి చూడరా" అన్నాను. "రోడ్డు చప్పుడమ్మా" అన్నాడు. రోడ్డు ఆగిపోలేదు, కారే ఆగిపోయింది. మెకానిక్ సామాను కిక్కిరిసిన కారు లోపలికి తొంగి చూసి, "ఏం పెద్దమ్మగారూ, ఇంట్లో గోడలు కూడా తెచ్చుకున్నారా?" అన్నాడు. "అరగంటలో అయిపోతుందండీ" అని కూడా అన్నాడు. ఉదయం పదీ ఇరవైకి అన్న మాట అది. ఇక్కడి అరగంటకు రెండు వందల అరవై నిమిషాలు, ఇంకా పూర్తి కాలేదు. బెల్టు పక్క ఊరి నుంచి బస్సులో వస్తోందట. బస్సుకు బెల్టు ఉందో లేదో.

నీ ఉత్తరం ఇక్కడే, టైర్ల మీద కూర్చుని చదివాను. చీటీల సంగతి బాగానే ఉంది. కానీ అడిగినదానికి సూటిగా జవాబివ్వడం నీకు ఎప్పుడు అలవాటవుతుంది? నేను అంత వివరంగా రాస్తే "పెట్టనంటే పెట్టకు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావా? నా ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

ఆయన గురించి నా అభిప్రాయం నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట మా బడి ప్రయోగశాలకు తనిఖీకి వచ్చి, పాతికమంది పిల్లల ముందు, నా త్రాసు రెండు గ్రాములు తప్పు చూపిస్తోందని చెప్పిన మనిషి. అంతవరకూ నా లెక్క తప్పన్నవాళ్ళు లేరు. ఆ రోజును నేను మరచిపోలేదు. మరచిపోను కూడా

(వెనుక చూడుము)

ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. మరునాడు పిల్లలు రాకముందే వెళ్ళి తూచి చూశాను. సరిగ్గా రెండు గ్రాములు. ఆ త్రాసు పెట్టుకుని పదకొండేళ్ళు పిల్లల జవాబులు తప్పని కొట్టేశాను. ఆయనకు "మీరన్నది నిజమే" అని ఒక్క మాట చెప్పవలసింది. వీధిలో ఎదురైనప్పుడల్లా తల తిప్పుకుని పోయాను. నువ్వు దాన్ని అసహ్యమనుకున్నావు. అది సిగ్గు. శనివారం కలిసినప్పుడు ఆ మాట చెబుతాను. నువ్వు ముందే చెప్పకు.

అక్క


జూన్ 13, గురువారం మధ్యాహ్నం
బైండింగు షాపు

అక్కకు,

రెండు గ్రాములు! రెండు గ్రాములను ఇరవై రెండేళ్ళు మోసిన మనిషివి నువ్వొక్కదానివే ఉంటావు. ఈ ఉత్తరం ఆయనకు చూపించలేదు. చూపిస్తే పాపం, క్షమించమని చీటీ రాసి పట్టుకొస్తాడు. ఆయన చేసింది ఆయన ఉద్యోగం. దానికి నువ్వు శిక్ష వేస్తున్నది నాకు.

ప్రశ్నలు, జవాబులు అంటావు. నేను నీ క్లాసులో చేతులు కట్టుకుని కూచున్న పిల్లను కాదు. నీకు చిన్నప్పటి నుంచీ జవాబులు చెబుతూనే ఉన్నాను. ఎక్కడికెళ్ళావు, ఎందుకు ఆలస్యమైంది, ఆ జాకెట్టు ఎవరు కుట్టారు. ఇక చాలు.

మళ్ళీ వెనుక చూడమన్నావు. చూశాను. వెనకంతా ఖాళీ. ఆ ఖాళీని ఎన్నిసార్లు చూపిస్తావు నాకు?

అబ్బాయిని దారి అడగమని చెప్పు. వాడు చిన్నప్పుడూ అంతే. ఒకసారి బడి నుంచి దారి తప్పి మూడు వీధులు తిరిగాడు కానీ ఒక్కరినీ అడగలేదు. నేను వెతుక్కుంటూ పోతే, "నేను తప్పిపోలేదు పిన్నీ, నువ్వే ఆలస్యంగా వచ్చావు" అన్నాడు. పోలిక ఎవరిదో చెప్పక్కర్లేదు.

చెల్లి


జూన్ 13, గురువారం
సాయంత్రం 6.00, ఏదో లాడ్జి, ఆఫీసు గది

చెల్లికి,

ఏటి వంతెన మీదికి నీళ్ళొచ్చాయి. తొంభై కిలోమీటర్లు చుట్టు తిరగాలి. ఈ సంగతి అక్కడి పోలీసాయన చెప్పలేదు, మనవాడు అడగలేదు. వంతెన దాకా పోయి, నీళ్ళను కళ్ళారా చూసి, అప్పుడు వెనక్కి తిరిగాం. మలుపుల దారిలో మనవరాలికి కడుపులో తిప్పింది. సంచి అందించేలోగా వాంతి చేసుకుంది. ఎక్కడో కాదు, నా ప్రయాణ పట్టిక మీద. "నాన్నమ్మా, టైములన్నీ పోయాయి" అని ఏడ్చింది. అవి అంతకుముందే పోయాయని చెప్పి ఊరుకోబెట్టాను.

ఈ లాడ్జిలో గది తలుపుకు గడియ లేదు. కుర్చీ అడ్డం పెట్టుకోమన్నారు. కుర్చీకి ఒక కాలు లేదు. గుమాస్తా రిజిస్టరు తెరిచి, "ఎన్ని రోజులుంటారమ్మా?" అన్నాడు. "ఒక్క గంట కూడా ఉండాలని లేదు నాయనా" అన్నాను. అతను ఒకటి అని వేసుకున్నాడు. గంటనో రోజో తెలియదు.

అంత చిరాకులో నీ ఉత్తరం చదివాను. "వెనకంతా ఖాళీ" అని రాశావు. ఒళ్ళు మండింది. నిన్ను ఖాళీగా వదిలేసిందెవరు? బైండింగు పని నేర్పించింది నేను. షాపు గది మాట్లాడింది నేను. నీ ఇంటి కిటికీలకు ఊచలు దగ్గరుండి వేయించింది నేను. నీ బతుకులో ప్రతిదీ నేను అమర్చినదే. నాతో ఆ మాట అనే హక్కు నీకు లేదు

(వెనుక చూడుము)

అని రాసి పెన్ను పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను. హక్కు ఉంది.

నీకు ఇరవై ఏడేళ్ళప్పుడు ఒక సంబంధం వచ్చింది, గుర్తుందా? ప్రెస్సులో పనిచేసే అబ్బాయి. చదువు తక్కువని చెప్పి నేనే తిప్పి పంపాను. చదువు కాదు కారణం. మీ బావగారు పోయి అప్పటికి ఏడు నెలలు. నా కొడుకుకు మూడేళ్ళు. నేను బడికి వెళితే వాణ్ణి చూసుకునేది నువ్వు. నువ్వు వెళ్ళిపోతే నా పని ఎలా జరుగుతుందని తిప్పి పంపాను. నిన్ను అడగలేదు. తరువాత సంబంధాలు వస్తే ఏదో ఒక వంక దొరికేది. కొన్నాళ్ళకు రావడం మానేశాయి. నువ్వు ఖాళీ అన్నది అదే. దాన్ని చేసింది నేను. ముప్పై నాలుగేళ్ళుగా ఎవరితోనూ అనలేదు. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు, అందుకని రాస్తున్నాను.

శనివారం పదిన్నరకు ఎలాగైనా అక్కడ ఉంటాను. సంతకం పెడతాను. నేను వచ్చేదాకా ఆగు.

అక్క


జూన్ 14, శుక్రవారం మధ్యాహ్నం

అక్కకు,

నా బతుకులో ప్రతిదీ నువ్వు అమర్చినదే. ఒప్పుకుంటున్నాను. ఇది ఒక్కటి నేను అమర్చుకున్నాను.

రేపు పదిన్నరకు సంతకం పెడుతున్నాను. సాక్షులు దొరికారు.

నువ్వు రావద్దు. వానల్లో అబ్బాయిని తొందరపెట్టకు. నెమ్మదిగా నడపమను.

చెల్లి


జూన్ 15, శనివారం
ఉదయం 9.40, రోడ్డు పక్కన, ఇంకా 214 కిలోమీటర్ల దూరంలో

చెల్లీ,

ఈ ఉత్తరంతో పాటు మరో మూడు ఫోటోలు వస్తాయి. ముందు అవి చదువు. దయచేసి ముందు అవి చదువు.

నిన్నంతా రెండు పంక్చర్లతో గడిచింది. సాయంత్రం నీ ఉత్తరం చూశాను. అంత రాసి ఇచ్చాక కూడా రావద్దంటుందా అని మండిపడుతూనే ఉన్నాను. ఇప్పుడు మూడో పంక్చరు. వీడు టైరు విప్పుతుంటే, నేను రాసిన ఏ మాటకు నీకంత కోపం వచ్చిందో చూద్దామని, పంపిన ఫోటోలు చూపించమని కోడలిని అడిగాను. మూడున్నాయి. మూడు కాగితాలకు మూడు. మూడూ ముందు వైపువే.

"వెనక పేజీ ఏదమ్మా?" అన్నాను.

"వెనక కూడా ఉందా అత్తయ్యా?" అంది.

"కింద రాశాను కదా, వెనుక చూడుమని! కళ్ళకు కనపడలేదా?"

"మీ ఉత్తరం నేను చదవను కదండీ. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవకూడదని కాపురానికొచ్చిన మొదటి నెలలోనే చెప్పారు. ఫోటో తీసేటప్పుడు కూడా కళ్ళు పక్కకు పెట్టుకునే తీశాను. మొదటిది కొంచెం వంకరగా రాలేదూ? అందుకే."

ఆ పిల్లను పల్లెత్తు మాట అనలేకపోయాను. పదేళ్ళుగా నా మాటల్లో ఆమె అక్షరం తప్పకుండా పాటించినది ఇదొక్కటే. అబ్బాయి మాత్రం టైరు కిందికి తల దూర్చి నవ్వాడు. వాణ్ణి తిట్టాను.

జిరాక్స్ ఆవిడకు పదకొండుసార్లు ఫోను చేశాం. ఎత్తదు. పనివేళలో షాపు వదిలేసి ఎక్కడికి పోయిందో. నీ ఫోను మోగినా నీకు వినపడదు. తూకాల ఆయన నంబరు మా ఎవరి దగ్గరా లేదు. ఇరవై రెండేళ్ళలో నేను అడిగి ఉంటే కదా.

నేను రాసింది నువ్వు సగమే చదివావు. కటువైన సగం చదివావు. పదిన్నరకు ఇంకా యాభై నిమిషాలుంది. చక్రం లేదు. నేను వచ్చేదాకా ఆగు చెల్లీ.

అక్క


జూన్ 15, శనివారం
మధ్యాహ్నం 1.30, జిరాక్స్ షాపు

అక్కకు,

జిరాక్స్ ఆవిడ ఫోను ఎందుకు ఎత్తలేదంటే, ఫోను షాపులోనే వదిలి, సాక్షి సంతకం పెట్టడానికి ఆవిడ అప్పటికే నాతో రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరింది. రెండో సాక్షి ఆ ఆఫీసులో టీ ఇచ్చే ఆయన, మూడో సాక్షి అక్కడి వాచ్‌మన్. పదీ నలభైకి పెళ్ళయిపోయింది.

తిరిగొచ్చి షాపు తెరిచి ఆవిడ ఫోను చూసింది. నాలుగు ఫోటోలూ ఇక్కడే నిలబడి చదివాను. ఇన్నాళ్ళూ నీ ఉత్తరాలు తిప్పి చూస్తే తెల్ల కాగితం. ఇంక నీతో మాట్లాడేదేమీ లేదని చూపించడానికి అలా చేస్తున్నావనుకున్నాను. ఎంత పంతమైన మనిషి అనుకున్నాను. అలా చేయగలవని నాకు ఎంత తొందరగా నమ్మకం కుదిరిందో చూడు. అందులో నా తప్పు కొంత, నీది కొంత.

ఆ సంబంధం సంగతి నాకు అప్పుడే తెలుసు. నువ్వు "చదువు తక్కువ" అన్న రోజు నీ కొడుకు నా ఒళ్ళో ఉన్నాడు. నువ్వు వాడి వైపు చూసి ఆ మాట అన్నావు, నా వైపు చూడలేదు. అప్పటికి నా చెవులు బాగానే పనిచేసేవి, కళ్ళు కూడా. నాకు కోపం వచ్చింది. వాణ్ణి దించలేదు. నువ్వు ఎప్పుడు చెబుతావా అని కొన్నేళ్ళు ఎదురుచూశాను. తరువాత ఎదురుచూడడం మరచిపోయాను. ఇప్పుడు చదివితే ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి మిషను ఆపేసింది.

నాలుగో ప్రశ్నకు జవాబు, అవును. మిగిలిన మూడూ ఆయన్నే అడుగు. త్రాసు సంగతి చెప్పవద్దన్నావు కాబట్టి చెప్పలేదు.

ఒక్క మాట చెబుతాను, నొచ్చుకోకు. ఇవి ఇప్పుడు అందినందుకు నాకు సంతోషంగా ఉంది. ఉదయమే అంది ఉంటే నీ కోసం ఆగేదాన్ని. నువ్వు వచ్చేదానివి, కుర్చీలు సరిచేసేదానివి, గుమాస్తా రాసిన అక్షరాలు దిద్దేదానివి. అదీ నువ్వు చేసిన పెళ్ళే అయ్యేది. నువ్వు వద్దంటున్నావని నమ్మి, భయపడుతూనే వెళ్ళి, నా అంతట నేను పెట్టాను ఆ సంతకం. అది నాకు కావాలి.

చెల్లి


జూన్ 15, శనివారం
సాయంత్రం 4.15, ఇంకా 160 కిలోమీటర్ల దూరంలో

చెల్లికి,

నీ ఉత్తరం చదివాను. నొచ్చుకోవద్దన్నావు, నొచ్చుకున్నాను. కుర్చీలు సరిచేసేదాన్నన్న మాట నిజం. అందుకే ఎక్కువ నొచ్చుకున్నాను. గంటన్నర నుంచి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలక, వానను తిడుతున్నాను.

టైరు దుకాణం ముందు ఆగాం. "ఇక తొందరేముందమ్మా, పిన్ని పెళ్ళి అయిపోయింది కదా, ఈ రాత్రి ఇక్కడే ఉండి రేపు వెళదాం" అన్నాడు అబ్బాయి. అయిదు రోజులుగా శనివారం, పదిన్నర అని వీళ్ళ ప్రాణం తీశాను. ఆలోచిస్తే వాడన్నది నిజమే. సంతకాలయ్యాయి. సాక్షులు దొరికారు. నేను వచ్చి దిద్దవలసిందీ, అమర్చవలసిందీ ఏదీ మిగల్లేదు.

వాణ్ణి మాత్రం బండి తీయమన్నాను. "ఎందుకమ్మా, అక్కడ పనేముంది?" అన్నాడు.

పనేమీ లేదు. ఊరికే వస్తున్నాను.

అక్క